బడిబాట

పిల్లలూ! మీలో చాలామంది "బడిబాట" అనే మాట వినే ఉంటారు. మన తెలంగాణలో జూన్ నెల వచ్చిందంటే బడిపంతుళ్లు కరపత్రాలు చేత పట్టుకొని ఇల్లిల్లూ తిరుగుతారు. "అమ్మా, మీ అమ్మాయిని బడిలో వేశారా? మీ వాడికి ఐదేళ్లు నిండాయి కదా, పంపించండి" అని చెబుతారు. దానికే బడిబాట అని పేరు. నేనూ ముప్పై ఏళ్లు పంతులుగా పనిచేశాను గనుక అలా ఎన్నో గడపలు ఎక్కి దిగిన వాణ్ణే.

అయితే, ఆ పేరులో రెండు మాటలున్నాయి. గమనించారా? ఒకటి బడి, రెండోది బాట. బడి సంగతి అందరూ మాట్లాడతారు. గదులు చాలినన్ని ఉన్నాయా, పుస్తకాలు వచ్చాయా, భోజనం బాగుందా అని విచారిస్తారు. మరి బాట సంగతి? మీ ఇంటి గడప దాటిన దగ్గరనుంచి బడి గేటులో అడుగు పెట్టేదాకా మీరు నడిచే ఆ దారి సంగతి ఎవరు విచారిస్తున్నారు?

ఈ నెల దానిని గురించే మీతో ముచ్చటించదలచాను. చదివేటప్పుడు మీ అమ్మనూ నాన్ననూ కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఇందులో మీరు చేయవలసిన పని కొంచెమే. వాళ్లు చేయవలసిన పనే ఎక్కువ.

మన విద్యాహక్కు నియమాల ప్రకారం ప్రాథమిక పాఠశాల పిల్లల ఇంటికి ఒక కిలోమీటరు లోపున ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకు మూడు కిలోమీటర్ల లోపున ఉండాలి. అంటే ఏమిటి? పిల్లలు నడిచో, సైకిలు తొక్కో బడికి వస్తారని ముందే అనుకున్నారన్నమాట. నడవగల దూరంలో బడి కట్టారు. చాలా మంచి పని. మరి ఆ దూరాన్ని పిల్లలు నిర్భయంగా నడవగలుగుతున్నారా?

2025లో బడులు తెరిచి వానలు పట్టిన రోజుల్లో నేను చుట్టపు చూపుగా మూడు ఊళ్లకు వెళ్లాను. అవి కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల. ఎక్కడికి వెళ్లినా ఉదయం ఎనిమిదిన్నరకల్లా బడి దారిలో ఒక పక్కగా నిలబడటం నా అలవాటు. పిల్లలు గుంపులు గుంపులుగా వస్తుంటే చూడటం పాత పంతుళ్లకు ఒక సరదా. కాని అలా నిలబడి చూస్తే, ఒక్కొక్క ఊరి బాటకు ఒక్కొక్క చిక్కు ఉన్నదని తెలిసివచ్చింది.

మొదట కోరుట్ల సంగతి చెబుతాను. ఈ ఊరి మీదుగా 63వ నంబరు జాతీయ రహదారి పోతుంది. అది నిజామాబాదు వైపునుంచి ఆర్మూరు, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, మంచిర్యాల దాటుకొని ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ దాకా పోతుంది. ఆ దారిని పసుపు బస్తాల లారీలు, వడ్ల లారీలు, బస్సులు, కార్లు ఎడతెగకుండా పోతూ ఉంటాయి. జగదల్‌పూర్ పోయే లారీ డ్రైవరుకు కోరుట్ల ఒక మజిలీ కూడా కాదు, రెండు నిమిషాల్లో దాటిపోయే ఊరు. కోరుట్ల పిల్లవాడికి మాత్రం అది తన వీధి. దాని అవతల బడి ఉంటుంది, ఇవతల ఇల్లు ఉంటుంది. ఒకే రోడ్డును ఒకరు దూరప్రయాణపు దారి అనుకుంటారు, ఇంకొకరు ఇంటి ముందు వీధి అనుకుంటారు. చిక్కంతా ఇక్కడే ఉంది.

జగిత్యాల కోట నక్షత్రం ఆకారంలో ఉంటుందని మీరు చదివే ఉంటారు. ఆ ఊరి రోడ్లు కూడా నక్షత్రపు మొనల్లాగే నలువైపులా చీలిపోతాయి. ఒకటి కరీంనగర్‌కు, ఒకటి నిజామాబాదుకు, ఒకటి ధర్మపురికి పోతుంది. 63వ నంబరు రహదారి, వరంగల్ మీదుగా ఖమ్మం పోయే 563వ నంబరు రహదారి ఇక్కడే కలుస్తాయి. ఇన్ని దారులు కలిసే ఊళ్లో పిల్లల చిక్కు వేరు. బండి ఒక దిక్కునుంచి వస్తే చూసుకోవచ్చు. నాలుగు దిక్కులనుంచీ వస్తే ఎటు చూడాలి? నడిచేవాళ్ల కోసమని ఉండవలసిన అంచు మీద బండ్లు నిలిపి ఉంటాయి, పండ్ల తోపుడుబండ్లు ఉంటాయి. పిల్లలు ఆ అంచు దిగి, బండ్లు పోయే చోటనే నడవవలసి వస్తుంది.

సిరిసిల్ల సంగతి మరీ వింతైనది. అది నేత కార్మికుల ఊరు. వీధి వీధికీ మరమగ్గాలున్నాయి. తెల్లవారింది మొదలు టకటకమని ఒకటే చప్పుడు. ఆ వీధుల్లో నడుస్తుంటే వెనక వచ్చే మోటారు సైకిలు చప్పుడు, ఒక్కోసారి హారను కూడా, మగ్గాల చప్పుడులో కలిసిపోతుంది. మనం కంటితో సగం, చెవితో సగం రోడ్డును తెలుసుకుంటాము. అక్కడి పిల్లలకు చెవి సాయం తక్కువ. అందుకే అక్కడ ఒక చిన్నపిల్ల నాలుగడుగులకు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తూ నడవటం కనిపించింది. ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నదన్నమాట!

ఇక్కడ ఇంకొక మాట చెప్పాలి. మీరు వేసుకునే బడి బట్టలున్నాయే, మన రాష్ట్రంలో ప్రభుత్వ బడి పిల్లల కోసం ఆ గుడ్డను ఎన్నో ఏళ్లుగా సిరిసిల్ల మరమగ్గాల మీద నేయిస్తున్నారు. గుడ్డ నేసిన తరువాత ఏం చేస్తారు? ఒకటో తరగతి పిల్లకు ఒక కొలత, పదో తరగతి పిల్లకు ఒక కొలత తీసి కుడతారు. నాన్న చొక్కా తెచ్చి ఆరేళ్ల వాడికి తొడిగి, "నువ్వే జాగ్రత్తగా నడువు, తట్టుకొని పడకు" అనరు కదా! రోడ్డు విషయంలో మాత్రం మనం సరిగా ఆ పనే చేస్తున్నాము. పెద్దవాళ్ల కోసం, పెద్ద బండ్ల కోసం కొలిచి వేసిన రోడ్డు మీదికి పిల్లలను పంపి, "జాగ్రత్త" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటున్నాము.

ఈ అజాగ్రత్త ఖరీదు ఎంతో తెలుసా? మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 9,528 మంది పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు. ఈ సంఖ్యను 365తో భాగించి చూడండి. రోజుకు 26 మంది! మీ తరగతి గదిలో ఎంతమంది కూర్చుంటారు? సుమారు అంతమందే కదా. రోజుకొక తరగతి గది ఖాళీ అవుతున్నట్టు లెక్క.

మిమ్మల్ని భయపెట్టడానికి ఈ మాట చెప్పటంలేదు. భయం వల్ల ఇంకొక నష్టం కూడా కలుగుతుంది. అదేమిటో చెబుతాను, వినండి.

సిరిసిల్లకు దగ్గరలో ఒక ఊరికి వెళ్లాను. అంతకు కొద్ది రోజుల ముందు, 2025 జూలైలో, కరీంనగర్ లోక్‌సభ నియోజకవర్గంలోని ప్రభుత్వ బడుల్లో పదో తరగతి చదివే పిల్లలకు సైకిళ్లు పంచటం మొదలుపెట్టారు. సిరిసిల్ల ఆ నియోజకవర్గంలోనిదే. నేను దిగిన ఇంటి పక్కింట్లో ఒక కొత్త సైకిలు ఉన్నది. సీటు మీద వేసిన ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. గోడకు ఆనించి, దాని మీద పాత చీర కప్పారు. ఆ ఇంటి ఇల్లాలు చేట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతున్నది.

"సైకిలు తొక్కుతలేరా అమ్మా?" అని అడిగాను.

"సైకిల్ అయితే ఇచ్చిండ్రు సారూ, తొవ్వ ఇయ్యలేదు కదా!" అన్నది ఆమె. "పెద్ద సడక్ దాటాలె. లారీలు ఎట్ల ఉరుకుతయో సూస్తలేరా? దీని బాపు మస్కట్ల ఉంటడు. రేపు ఏమన్న అయితే ఆయనకు నేనేం జెప్పాలె?"

ఆమె కూతురు గుమ్మంలో నిలబడి వింటున్నది. ఆటోలు ఏ రోజు దొరికితే ఆ రోజు బడికి పోతున్నది. దొరకని రోజు ఇంట్లోనే ఉండి తల్లితోపాటు బీడీలు చుడుతున్నది. పదో తరగతిలో వారానికి ఒక రోజు బడి పోతే ఎంత నష్టమో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ తల్లి మాటలో తప్పేమున్నది? ఏమీ లేదు. కాని ఆ తల్లి భయం వల్ల ఆ పిల్ల చదువు ఒక్కొక్క రోజే అరిగిపోతున్నది. రోడ్డు మీద దెబ్బ తగిలితే అందరికీ తెలుస్తుంది. ఇలా ఇంట్లో ఆగిపోయిన చదువు మాత్రం ఏ లెక్కలోనూ చేరదు.

బీహారులో 2006లో తొమ్మిదో తరగతి చదివే ఆడపిల్లలకు సైకిళ్లు ఇవ్వటం మొదలుపెట్టారు. తరువాత పండితులు లెక్క తీసి చూస్తే, ఉన్నత పాఠశాలలో చేరే ఆడపిల్లల సంఖ్య ఆ సైకిళ్ల వల్ల మూడో వంతు దాకా పెరిగిందని తేలింది. చూశారా, రెండు చక్రాలకు ఎంత బలమున్నదో! కాని చక్రం తిరగాలంటే కింద బాట ఉండాలి.

ఆ ఊళ్లో చివరకు ఏమయిందంటే, "నలుగురం కలిసి పోతం అవ్వా" అని ఆ పిల్ల మరి ముగ్గురు స్నేహితురాళ్లను వెంటబెట్టుకొని వచ్చింది. తల్లి మొదటి రోజు రోడ్డు దాకా తోడువచ్చి, దాటించి, వాళ్లు కనుమరుగయ్యేదాకా నిలబడి ఇంటికి పోయింది. ఆ తరువాత సైకిలు మీద చీర తీసేశారు. అది మంచి ఉపాయమే. కాని సడక్ మాత్రం ఇంకా అలాగే ఉన్నది.

ఇప్పుడు మనం ఒక చిన్న లెక్క చేద్దాము. కాగితం, పెన్సిలు తెచ్చుకోండి.

ఒక కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వస్తున్నది. అంటే సెకనుకు సుమారు 14 మీటర్లు. ముందు ఒక పిల్లవాడు కనబడ్డాడు. కనబడగానే కారు ఆగిపోదు. డ్రైవరు కన్ను చూడాలి, మెదడు "ఆపు" అనాలి, కాలు బ్రేకు మీదికి పోవాలి. దీనికి ఎంత చురుకైన వాడికైనా సుమారు ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో కారు 14 మీటర్లు వచ్చేస్తుంది. ఆ తరువాత బ్రేకు పడుతుంది. పొడిగా ఉన్న మంచి రోడ్డు మీద కారు ఇంకా 16 మీటర్లు పోయి ఆగుతుంది. మొత్తం 30 మీటర్లు.

ఇంకొక కారు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వస్తున్నది. మొదటి సెకనులో అది 8 మీటర్లు వస్తుంది. బ్రేకు పడ్డాక 6 మీటర్లు. మొత్తం 14 మీటర్లు.

ఇప్పుడు ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పిల్లవాడు 14 మీటర్ల దూరంలో ఉన్నాడనుకోండి. నెమ్మదిగా వచ్చే కారు వాడి ముందుకు వచ్చి ఆగిపోతుంది. వేగంగా వచ్చే కారు మాత్రం అదే చోటికి వచ్చేసరికి ఇంకా బ్రేకు కూడా వేసి ఉండదు! పూర్తి వేగంతోనే తాకుతుంది. ఇద్దరు డ్రైవర్లూ మంచివాళ్లే, ఇద్దరికీ కళ్లున్నాయి, ఇద్దరి బ్రేకులూ మంచివే. తేడా అంతా ఆ ఇరవై కిలోమీటర్లలో ఉన్నది.

ఆ తాకిడి ఎంత బలమైనదో కూడా లెక్క కట్టవచ్చు. గంటకు 30 కిలోమీటర్ల వేగమంటే, ఒక అంతస్తు ఎత్తునుంచి పడినవాడు నేలను తాకేటప్పటి వేగం. గంటకు 50 అంటే మూడంతస్తుల మేడ మీదినుంచి పడినట్టు. వేగం కాస్త పెరిగితే దెబ్బ చాలా పెరుగుతుంది. వేగం రెట్టింపయితే దెబ్బలోని బలం నాలుగింతలవుతుంది. ఇది పై తరగతుల్లో మీరు చదవబోయే పాఠమే. వాన పడి రోడ్డు తడిస్తే బండి ఆగటానికి ఇంకా ఎక్కువ దూరం కావాలి.

"అయితే పిల్లలే చూసుకొని దాటవచ్చు కదా" అని పెద్దవాళ్లు అంటారు. వాళ్లకు మీరు ఈ సంగతి చెప్పండి. ఆరేళ్ల పిల్లవాడి కన్ను నేలకు మూడున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. నిలిపి ఉన్న ఆటో వెనకనుంచి వాడికి రోడ్డు కనబడదు. డ్రైవరుకు వాడు కనబడడు. దూరంనుంచి వచ్చే బండి ఎంత వేగంగా వస్తున్నదో అంచనా కట్టే శక్తి చిన్నపిల్లలకు ఇంకా రాదు. అది అల్లరి కాదు, అజాగ్రత్త కాదు. కన్నూ మెదడూ పెరిగే క్రమమే అంత. పాలపళ్లు ఊడకముందే గట్టి పళ్లు రమ్మంటే వస్తాయా?

అయినా మనకు చేతనైన జాగ్రత్త మనం పడాలి. నేను మా బడి పిల్లలకు ఎప్పుడూ కారణం చెప్పకుండా నియమం చెప్పేవాణ్ణి కాను. మీకూ అలాగే చెబుతాను.

రోడ్డు దాటేముందు మొదట కుడివైపు చూడండి, తరువాత ఎడమవైపు, మళ్లీ కుడివైపు. మొదట కుడి ఎందుకు? మన దేశంలో బండ్లు ఎడమ పక్కన పోతాయి గనుక మీకు దగ్గరగా వచ్చే బండి కుడివైపునుంచే వస్తుంది.

నడవటానికి వేరే అంచు లేని రోడ్డు మీద కుడి పక్కన నడవండి. అప్పుడు ఎదురుగా వచ్చే బండి మీకు కనబడుతుంది. సైకిలు తొక్కేటప్పుడు మాత్రం ఎడమ పక్కనే పోవాలి. ఎందుకంటే సైకిలు కూడా బండే. ఇద్దరు ముగ్గురు కలిసి పోతుంటే పక్కపక్కన కాక, ఒకరి వెనక ఒకరు పోవాలి. మలుపు తిరిగేముందు వెనక్కి చూసి, చెయ్యి చాపాలి.

బస్సు దిగిన వెంటనే దాని ముందునుంచి పరుగెత్తవద్దు. బస్సు పోయేదాకా ఆగండి. అది పోతే రోడ్డు రెండువైపులా కనబడుతుంది.

వానలో సైకిలు బ్రేకు రబ్బర్లు తడిసి సరిగా పట్టవు. నెమ్మదిగా పోవాలి. ఒక చేత్తో గొడుగు పట్టి సైకిలు తొక్కకండి. మబ్బు పట్టిన రోజు తెల్లని, పసుపుపచ్చని బట్ట దూరానికి బాగా కనిపిస్తుంది. జపానులో ఒకటో తరగతి పిల్లలకు పసుపుపచ్చని టోపీలు పెట్టేది అందుకే. అక్కడ చాలా ఊళ్లలో వీధిలోని పిల్లలంతా ఒక చోట చేరి, పెద్ద తరగతి పిల్లలు ముందూ వెనకా నడుస్తుండగా వరసగా బడికి పోతారు. ఆ పద్ధతి మన వీధుల్లో పెట్టుకోవటానికి పైసా ఖర్చు లేదు.

కోతల కాలంలో మన పల్లెల్లో రోడ్డు మీద వడ్లో, మక్కలో ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. అప్పుడు సగం రోడ్డే మిగులుతుంది. అలాంటి చోట సైకిలు దిగి నడిపించుకొని పోండి.

ఇవన్నీ చేసినా, పిల్లవాడు పిల్లవాడే. ఒక రోజు బంతి రోడ్డు మీదికి దొర్లుతుంది. స్నేహితుడు అవతలనుంచి పిలుస్తాడు. వాడు ఒక్క క్షణం మరచిపోతాడు. ఒక్క క్షణం మరచిపోయినందుకు ప్రాణం పోగొట్టుకోవలసిందేనా? కాకూడదు. పిల్లవాడు మరచిపోయినా ప్రాణం నిలిచే విధంగా దారి ఉండాలి. అలా చేయటం సాధ్యమా? సాధ్యమే. ఎన్నో చోట్ల చేశారు.

మన రాష్ట్రంలోనే జరిగిన ఒక సంగతి చూడండి. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర, కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న బడి బస్సును రైలు ఢీకొన్నది. ఎందరో పిల్లలు పోయారు. అలాంటి చోట్ల "జాగ్రత్తగా దాటండి" అని బోర్డులు రాసిపెట్టటం పాత పద్ధతి. తరువాత ఏం చేశారు? గేట్లకు కాపలాదారులను పెట్టారు, కిందినుంచి దారులు తవ్వారు, పైనుంచి వంతెనలు కట్టారు. 2019 జనవరి ముగిసేనాటికి దేశంలోని బ్రాడ్‌గేజి మార్గాలలో కాపలా లేని గేటు అన్నది లేకుండా పోయింది. మనుషులకు బుద్ధి చెప్పటంతో ఊరుకోక, చోటునే మార్చారన్నమాట.

ఇంగ్లండులో 1951లో రోడ్డు మీద తెల్లటి, నల్లటి పట్టీలు వేసి, నడిచేవాళ్లు అక్కడ దాటితే బండ్లు ఆగాలని శాసించారు. ఆ పట్టీలు చూసి దానికి జీబ్రా అనే పేరు వచ్చింది. మన దేశపు నియమాల ప్రకారం కూడా ఆ పట్టీల మీద మొదటి హక్కు నడిచేవాళ్లదే. 1953లో అక్కడే ఇంకొక చట్టం చేసి, బడి వేళకు రోడ్డు మధ్య నిలబడి బండ్లను ఆపే అధికారం మామూలు మనుషులకు ఇచ్చారు. వాళ్ల చేతిలో కర్రకు గుండ్రని బిళ్ల ఉంటుంది. పుల్లకు గుచ్చిన మిఠాయిలాగా కనబడుతుంది గనుక పిల్లలు వాళ్లను లాలీపాప్ మామయ్యలు, అత్తయ్యలు అని పిలుచుకుంటారు.

అన్నిటికంటె వింతైన కథ హాలండుది. ఇవాళ ఆ దేశంలో పిల్లలు ఒంటరిగా సైకిళ్లమీద బడికి పోతారు. మొదటినుంచీ అలాగే ఉన్నదనుకుంటే పొరపాటు. 1971లో ఆ చిన్న దేశంలో ఒక్క ఏడాదిలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోయారు. అందులో ఒక ఆరేళ్ల పాప సైకిలు మీద బడికి పోతూ కారు తగిలి పోయింది. ఆమె తండ్రి విక్ లాంగెన్‌హాఫ్ పత్రికా రచయిత. ఆయన 1972లో "పిల్లల హత్యలు ఆపండి" అని పత్రికలో రాశాడు. అది చదివి దేశమంతటా తల్లిదండ్రులు కదిలారు.

ఆ ఏడాదే ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో డి పైప్ అనే ఇరుకు పేటలో పిల్లలే పూనుకున్నారు. మీ ఈడు పిల్లలే! ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగుచేశారు. తమ వీధికి అడ్డం పెట్టి, ఇది మేము ఆడుకునే చోటు అన్నారు. దానిని సినిమా తీసి టెలివిజన్‌లో చూపించారు. పెద్దవాళ్లలో కొందరు కోప్పడ్డారు, కొందరు వాళ్లతో కలిశారు. నెమ్మదిగా రోడ్లు మారాయి. బండ్లు నెమ్మదిగా పోయేటట్టు వీధులను వంకర తిప్పారు, సైకిళ్లకు వేరే బాటలు వేశారు. 2010 నాటికి ఏడాదికి చనిపోయే పిల్లల సంఖ్య పాతికకు లోపుకు దిగిపోయింది.

ఇక మన కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లలలో మనమేం చేయగలమో చూద్దాము.

మొదటి పని మీది. మీ బడిబాట పటం గీయండి. పెద్ద కాగితం మీద మీ ఇల్లు, మీ బడి, మధ్యనున్న దారి వేయండి. ఎక్కడ రోడ్డు దాటతారో అక్కడ ఎర్ర చుక్క పెట్టండి. ఎక్కడ నడిచే అంచు లేదో అక్కడ పసుపు గీత, ఎక్కడ వీధి దీపం లేదో అక్కడ నల్ల చుక్క. తరగతిలో అందరి పటాలూ ఒక చోట చేర్చి చూడండి. ఎక్కువ ఎర్ర చుక్కలు ఒకే చోట పడతాయి. ఆ చోటునే ముందు బాగుచేయవలసింది. ఇంజనీర్లు చేసే పని కూడా ఇంతే!

రెండో పని మీ అమ్మానాన్నలది, పంతుళ్లది. 2024లో మన ప్రభుత్వ బడుల్లో తల్లులతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టారు. బడి గోడలు బాగుచేయించే ఆ తల్లులే బడి బాట సంగతి కూడా అడగవచ్చు. ఎవరిని అడగాలో తెలుసుకొని అడగాలి, లేకపోతే కాగితం ఊరికే తిరుగుతుంది. ఊరిలోపలి వీధులు మునిసిపాలిటీవి. ఊరికీ ఊరికీ మధ్య పెద్ద రోడ్లు చాలావరకు రోడ్లు భవనాల శాఖవి. జాతీయ రహదారులకు వేరే విభాగం ఉన్నది. ఏది ఎవరిదో తెలియకపోతే సోమవారంనాడు కలెక్టరు కచేరీలో ప్రజావాణి జరుగుతుంది, అక్కడ ఇవ్వవచ్చు. జగిత్యాల, సిరిసిల్ల 2016 అక్టోబరు 11 నుంచి జిల్లా కేంద్రాలయ్యాయి గనుక కచేరీ దగ్గరలోనే ఉన్నది. కోరుట్ల వాళ్లు జగిత్యాలకు రావాలి. పిల్లలు గీసిన పటాన్ని అర్జీకి జతచేయండి. ఎన్ని మాటలు రాసినా ఆ ఎర్ర చుక్కలంత బాగా చెప్పలేవు.

ఏమని అడగాలి? బడి ముందు దాటే పట్టీలు కావాలి. పిల్లల బొమ్మ ఉన్న హెచ్చరిక బోర్డు కావాలి. లోపలి వీధుల్లో వేగం తగ్గించే దిబ్బ కావాలి. కాని వీధివాళ్లు తోచినట్టు పోసిన సిమెంటు గడ్డ కాదు. అది సైకిలునే ముందు పడదోస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత ఒకటున్నది. దిబ్బ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, గుండ్రంగా ఉండాలి. బండి దానిని సుమారు 25 కిలోమీటర్ల వేగంతో ఒడుదుడుకు లేకుండా దాటుతుంది. దాని మీద చారలు వేయాలి, ముందే బోర్డు పెట్టాలి. జాతీయ రహదారి మీద మామూలుగా ఇలాంటి దిబ్బలు కట్టనివ్వరు. కాబట్టి కోరుట్ల లాంటి చోట బడి వేళకు దాటించే మనిషి కావాలి, సిగ్నలు దీపం కావాలి.

మూడో మాట పూర్తిగా పెద్దవాళ్లకు. తండ్రి గల్ఫులో ఉండే ఇళ్లు మన దిక్కున ఎన్నో ఉన్నాయి. ఇంట్లో మగదిక్కు తానే అనుకొని పదమూడేళ్ల కుర్రవాడు తమ్ముణ్ణీ చెల్లెల్నీ ఎక్కించుకొని స్కూటరు నడుపుతుంటాడు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కాని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, పిల్లవాడు బండి నడిపి నేరం జరిగితే శిక్ష తల్లిదండ్రులకో బండి యజమానికో పడుతుంది. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. అదే చట్టం ప్రకారం మోటారు సైకిలు మీద కూర్చునే నాలుగేళ్లు దాటిన ప్రతివారికీ హెల్మెటు ఉండాలి, నడిపేవారికి ఒక్కరికే కాదు.

పిల్లలను బండి మీద దింపే తల్లిదండ్రులు ఇంకొక సంగతి కూడా ఆలోచించండి. రోడ్డు భయంకరంగా ఉన్నదని మీరు బండి మీద తెస్తారు. అలా వంద బండ్లు బడి గేటు దగ్గర చేరితే, నడిచి వచ్చే పిల్లలకు మీ బండ్లే భయంకరమవుతాయి. వాళ్ల తల్లిదండ్రులు కూడా అప్పుడు బండి కొంటారు. దీనికి అంతెక్కడ? గేటుకు కొంచెం దూరంగా ఆపి, ఆ నాలుగడుగులూ పిల్లవాడి చెయ్యి పట్టుకొని నడవండి. గేటు ముందు చోటు ఖాళీగా ఉంటుంది. మీకూ కాసేపు కొడుకుతోనో కూతురితోనో మాట్లాడే వీలు దొరుకుతుంది.

పిల్లలూ! నడిచి బడికి పోవటంలో ఉన్న సుఖం నాకు తెలుసు. దారిలో చింతకాయలుంటాయి, వాన నీటి కాలువలుంటాయి, స్నేహితులు చెప్పే కథలుంటాయి. అవి మీ హక్కు. ఆ హక్కును రోడ్డు మీద భయం లాగేసుకోకూడదు. ఈ ఆదివారమే కాగితం తీసి మీ బాట గీయటం మొదలుపెట్టండి. సోమవారం దానిని బడికి తీసుకుపోయి మీ పంతులుగారికి చూపించండి.